నూట పదిహేను పౌండ్లు

పది పాఠాలకి ముందే డబ్బు కట్టాను.
మేదిని మూడింటికే దిగిపోయింది
"గుర్రం నన్ను జాలిగా చూస్తోందమ్మా" అని.
మిగిలిన ఏడూ నీళ్ళపాలు చెయ్యలేక
నలభై ఆరేళ్ళ వయసులో
మందుల షాపు చెప్పులు విప్పి నేనెక్కాను.

మొదటిది సూపర్ మార్కెట్ లెగ్గింగు.
పాల డబ్బాల పక్క వరసలో వేలాడేది,
పద్దెనిమిది పౌండ్లు.
యోగాకి భేషని చీటీ మీద రాసుంది,
గుర్రం మాట ఎక్కడా లేదు.
దిమ్మ మీంచి కాలు అవతలికి వేశానో లేదో
వెనక కుట్టు పర్రుమంది.
హెక్సమ్ ఊళ్ళో ఎప్పుడూ పడే వాన
ఆ పూట పడలేదు. నా కర్మకి ఎండ.
అందరూ బయటే ఉన్నారు.

గంటసేపూ జీను మీద జారుతూనే ఉన్నాను
నూనె పళ్ళెంలో గారెలా.
ఇంటికొచ్చి చూసుకుంటే మోకాళ్ళ లోపలి వైపు
తోలు లేచిపోయి టమాటా ఒలిచినట్టుంది.
"ఆడలేక మద్దెల ఓడు" అంది మేదిని
మంచం మీంచి తలెత్తకుండా.
సామెతలు దానికి నేర్పింది నేనే.

ఖరీదైనవీ చూశాను.
మోకాలి నుంచి తొడదాకా రబ్బరు చుక్కలు,
నడుముకి వెడల్పు పట్టీ, పక్కన ఫోను జేబు.
నూట పదిహేను.
షాపులో తొమ్మిది గంటలు నిలబడి
దగ్గు మందులు అందిస్తే వచ్చేది.
పాఠం నలభై, బూట్లు డెబ్బై, హెల్మెట్టు అరవై,
ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమా
అంది ఒక మనసు.
అంకుశానికీ ఏనుగు ధరేనా అంది ఇంకోటి.

హిల్డాని అడిగాను.
డెబ్బై రెండేళ్ళు, పాఠాలు చెప్పేది ఆవిడే.
తన ప్యాంటు చూపించింది,
వాళ్ళ నాన్నదట, గీతల కార్డురాయ్,
మోకాళ్ళకి పాత సోఫా తోలు కోసి కుట్టుకుంది.
"ఇది గట్టిదే. కానీ నీ వయసులో నాకు
ఆ చుక్కలు దొరికుంటే
ఈ తుంటి ఇంకా నాదే అయ్యుండేదేమో"
అని స్టీలు తుంటిని తట్టింది,
గుర్రాన్ని తట్టినట్టు.

కొన్నాను.
నిజం చెప్పాలంటే మొదటి రోజు మరీ అతుక్కుపోయాను,
పార్స్నిప్ చిన్న పరుగు అందుకుంటే
లేవాల్సిన చోట లేవలేక
పీట మీద పెళ్ళికూతురిలా బిగుసుకుని.
నాలుగో వారానికి కుదిరింది.
ఎక్కడా ఒరుసుకోలేదు.
ఒంటి సంగతి మరిచిపోయి
గుర్రం రెండు చెవుల మధ్య నుంచి
టైన్ నది మలుపు తిరగడం చూశాను.
నెలన్నరగా ఆ దారినే వెళ్తున్నా
అక్కడ నది ఉందనే తెలీదు నాకు.

ఆ పై వారం పడ్డాను.
పార్స్నిప్‌కి ఎడమ కన్ను కనపడదు,
అటువైపు పొదలోంచే పిట్ట లేచింది.
లెగ్గింగు చిరగలేదు.
లోపల నేను వంకాయ రంగు.

షాపులో షమీమ్ అడిగింది,
తనూ నేర్చుకుందామనుకుంటోంది,
"అంత పెట్టొచ్చా?"
సువాసన ద్రవం పొయ్యకూడదు, ఇస్త్రీ తగలకూడదు,
డ్రయ్యర్ వైపు చూపించనైనా కూడదు,
కొత్తల్లుడు నయం అన్నాను.
కాసేపాగి, పెట్టొచ్చు అన్నాను.
ఇంకాసేపాగి, వారం వారం ఎక్కేటట్టయితే.
అద్దం ముందుకైతే పద్దెనిమిదిది చాలు.

ఫోను జేబులో నేను ఫోను పెట్టలేదు.
క్యారెట్టు ముక్క పెట్టాను.
గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని
ఊరికే అన్నారా,
నిన్న జీను దించుతుంటే మెడ తిప్పి
కనపడే కన్నుతో నన్ను చూస్తూనే
క్యారెట్టుతో పాటు జేబు కూడా కొరుక్కుపోయాడు.

హిల్డా ఏమీ అనలేదు. కుట్టు డబ్బా తెచ్చింది.
నూట పదిహేను పౌండ్ల తొడ మీద
ఇప్పుడు అరచేతంత సోఫా తోలు,
గోధుమ రంగుది,
ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని
నున్నగా చేసింది.